తాకట్టులో గొలుసు, ఫోన్‌లో టోకెన్లు, సంక్రాంతిలోగా ఇవ్వాల్సిన వీడియో

బరంపురం నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమెకు 31 ఏళ్ళు. పెళ్ళికి ముందు విశాఖపట్నంలో ఒక యానిమేషన్ స్టూడియోలో నాలుగేళ్ళు పనిచేశారు. అత్తవారిది తరాల కిందటే బరంపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబం. పట్టుచీరల కొట్టు ఉంది. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా. పాప పుట్టాక ఆమె ఉద్యోగం మానేసి, ఇంటి నుంచే బిల్డర్లకు త్రీడీ వాక్‌త్రూ వీడియోలు చేస్తున్నారు. కట్టబోయే అపార్ట్‌మెంట్‌లోకి గేటు నుంచి డాబా దాకా మనల్ని నడిపించి చూపించే వీడియోలవి. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో, సీన్‌ను ఫ్రేములుగా, అంటే వీడియోలోని ఒక్కో బొమ్మగా మార్చే ఆక్టేన్ రెండరర్ పెట్టుకుని చేస్తారు. ఉన్నది ఒకే ఒక ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. రాత్రంతా ఆ పెట్టె హోరుమంటుంటే అత్తగారు టేబుల్ ఫ్యాన్ తెచ్చి దాని పక్కన పెట్టి, "పాపం, ఒళ్ళు కాలిపోతోందే దీనికి" అన్నారట.

2024 మే నెలలో కరెంటు పోయి ఒక పని ఆలస్యమైంది. బిల్డర్ పది వేలు కోసుకున్నాడు. అప్పుడు మరిది ఒక దారి చెప్పాడు. "వదినా, ఎక్కడెక్కడో ఖాళీగా ఉన్న గ్రాఫిక్స్ కార్డుల మీద మన ఫ్రేములు చేయించుకోవచ్చు. రెండర్ నెట్‌వర్క్ అంటారు. దాని టోకెన్లు, అంటే క్రిప్టో నాణేలు, ఇప్పుడే కొనిపెట్టుకుంటే పని చవగ్గా అయిపోతుంది, మిగిలినవి పెరుగుతాయి" అన్నాడు. పుట్టింటివారు పెట్టిన రెండు తులాల గొలుసు బ్యాంకులో తాకట్టు పెట్టి, 90 వేలకు టోకెన్లు కొన్నారు. భర్తకు తెలియదు. గొలుసు లాకర్‌లో ఉందని అత్తగారు అనుకుంటున్నారు. ఇప్పుడా టోకెన్ల విలువ 22 వేలు. ఏడాదిన్నరగా నూటికి రూపాయి వడ్డీ కడుతూనే ఉన్నారు. టోకెన్లు మరిది ఫోన్‌లోని వాలెట్‌లో ఉన్నాయి. దాన్ని తెరిచే పన్నెండు మాటలు కొట్లోని ఖాతా పుస్తకం వెనక అట్ట మీద రాసి ఉన్నాయి.

ఈలోగా గోపాల్‌పూర్ రోడ్డులో ఒక బిల్డర్ పెద్ద పని ఇచ్చాడు. రెండు నిమిషాల వీడియో, లక్షా పది వేలు, సంక్రాంతిలోగా ఇవ్వాలి. ఈమె కార్డు మీద ఫ్రేముకు తొమ్మిది నిమిషాలు పడుతోంది. మరోపక్క మరిది, కొట్టు డబ్బు మూడు లక్షలు పెట్టి కార్డులు కొని మనమే ఆ నెట్‌వర్క్‌కు పనిచేసిపెడదాం అంటున్నాడు. మాఘంలో ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్. ఆ రోజు మెడలో గొలుసు ఉండాలి. "ఉన్న టోకెన్లు ఖర్చుపెట్టి పని పూర్తి చేయనా, రేటు పెరిగేదాకా ఆగనా? ఆయనకు చెప్పనా, వద్దా? నిద్ర పట్టడం లేదు" అని రాశారు.

అమ్మా, మీరు అడిగిన వరసలో కాకుండా, అన్నిటికన్నా తొందరగా చేయాల్సిన దాంతో మొదలుపెడతాను. ముందు ఆ ఖాతా పుస్తకం.

ఆ పన్నెండు మాటలు పాస్‌వర్డ్ లాంటివి కావు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, బ్యాంకుకు వెళ్ళి మొరపెట్టుకోవచ్చు. ఈ మాటలు ఎవరి దగ్గరుంటే టోకెన్లు వాళ్ళవి. అడగడానికి మేనేజర్ ఉండడు, ఆపడానికి పోలీసు ఉండడు. కొట్లో బిల్లు రాయడానికి రోజుకు ఎందరు ఆ పుస్తకం తిప్పుతారో ఆలోచించండి. ఒకరు ఫోన్‌తో ఫొటో తీస్తే చాలు. అందుకని ఈ వారంలోనే మీ ఫోన్‌లో మీ పేరున కొత్త వాలెట్ తెరవండి. అది ఇచ్చే పన్నెండు మాటలు మీ చేత్తోనే కాగితం మీద రాసి, మీ బీరువాలో పెట్టుకోండి. ఫొటో తీయకండి, వాట్సాప్‌లో పంపుకోకండి. ముందు చిన్న మొత్తం పంపి, అది చేరిందని చూశాక మిగతాది పంపండి. మరిదితో గొడవ అక్కర్లేదు. "నా గొలుసు డబ్బు కదయ్యా, నా ఫోన్‌లో ఉంటే నాకు నిద్ర పడుతుంది" అంటే చాలు.

ఇంకొక జాగ్రత్త. ఈ టోకెన్ మొదట ఇథీరియం అనే క్రిప్టో నెట్‌వర్క్ మీద ఆర్ఎన్‌డీఆర్ పేరుతో ఉండేది. 2023 చివర్లో సొలానా అనే మరో నెట్‌వర్క్ మీదికి మారి, పేరు కూడా రెండర్ అయింది. మీవి పాత టోకెన్లయితే మార్చుకోవాలి. "ఇక్కడ నొక్కి మార్చుకోండి" అనే దొంగ లింకులు ఇలాంటప్పుడే వస్తాయి. ఎవరో పంపిన లింకు మీద నొక్కకండి. పన్నెండు మాటలు అడిగే ఏ పేజీ అయినా దొంగదే.

ఇక అసలు చిక్కు. మీ ఇంట్లో "రెండర్" అన్న ఒక్క మాట కింద మూడు వేరు వేరు పనులు కలిసిపోయాయి. ఆ నెట్‌వర్క్ చేత మన ఫ్రేములు చేయించుకోవడం ఒకటి. మన కార్డులు పెట్టి ఇతరుల ఫ్రేములు చేసిపెట్టడం ఇంకొకటి. టోకెన్ కొని, పెరుగుతుందని కూర్చోవడం మూడోది. మొదటిది మీ వృత్తికి పనికొచ్చే సేవ. రెండోది వ్యాపారం. మూడోది పందెం. మీ మరిది చెడ్డవాడు కాదు, మూడింటినీ ఒకే మూటలో కట్టాడంతే. మీ ఉత్తరంలో ఉన్న భయమంతా మూడో దాని గురించి. మీకు ఇప్పుడు కావలసింది మొదటిది ఒక్కటే.

ఆ మొదటి దాని సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే అది నిజంగా మంచి సాధనం. మీరు వాడే ఆక్టేన్‌ను తయారుచేసిన ఒటాయ్ సంస్థే దీన్ని మొదలుపెట్టింది. దాని స్థాపకుడు జూల్స్ ఉర్‌బాక్. టోకెన్ 2017లో వచ్చింది, నెట్‌వర్క్ 2020లో అందరికీ తెరుచుకుంది. మీరు సీన్‌ను ఓఆర్‌బీఎక్స్ ఫైలుగా కట్టి పంపితే, ఫ్రేములు ఎన్నో కార్డుల మధ్య పంచబడతాయి. మీ లెక్కే చూద్దాం. రెండు నిమిషాలంటే సెకనుకు 25 చొప్పున 3000 ఫ్రేములు. ఫ్రేముకు 9 నిమిషాలంటే 27,000 నిమిషాలు, అంటే 450 గంటలు, దాదాపు 19 రోజులు. అదీ ఒక్కసారి కూడా కరెంటు పోకుండా, ఒక్క తప్పూ దొర్లకుండా అయితే. కంప్యూటర్ మొత్తం 300 వాట్లు లాగుతుందనుకున్నా 135 యూనిట్లు కాలతాయి. బిల్డర్ చూసి "పోర్టికో రంగు మార్చండి" అంటే మళ్ళీ ఎన్ని రోజులో చెప్పలేం. అదే పని ముప్పై కార్డులకు పంచితే ఒక రోజు లోపల ముగుస్తుంది. చేతి పని చేసేవాళ్ళకు ఇది చిన్న మేలు కాదు.

మీ మరిది మీకు చెప్పని సంగతి ఒకటుంది. బహుశా అతనికీ తెలిసి ఉండదు. ఈ పని చేయించుకోవడానికి టోకెన్లు ముందుగా కొని దాచుకోనక్కర్లేదు. బ్యాంకు కార్డుతో డబ్బు కట్టి క్రెడిట్లు తీసుకోవచ్చు. పని ధర టోకెన్లలో కాదు, మామూలు డబ్బులోనే లెక్కకడతారు. 2023లో తెచ్చిన పద్ధతి ప్రకారం, మీరు కట్టిన విలువకు సరిపడా టోకెన్లను చెలామణి నుంచి శాశ్వతంగా తీసేస్తారు. కాల్చేయడం అంటారు దాన్ని. పని చేసిన కార్డుల యజమానులకు కొత్త టోకెన్లు ఇస్తారు. టోకెన్ రేటు పెరిగితే మీ పనికి తక్కువ టోకెన్లు పడతాయి, తగ్గితే ఎక్కువ పడతాయి. రూపాయల్లో ధర దాదాపు అదే. కాబట్టి "ముందే కొనుక్కుంటే పని చవగ్గా అవుతుంది" అన్న మాట నిజం కావాలంటే టోకెన్ పెరగాలి. అంటే అది మళ్ళీ పందెమే. ఈ టోకెన్ 2024 మార్చిలో 13 డాలర్ల దాకా వెళ్ళి, ఏడాది తిరిగేసరికి అందులో మూడో వంతు కన్నా కిందికి పడింది. మీరు కొన్నది ఆ కొండ మీంచి దిగడం మొదలైనప్పుడు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. సంక్రాంతి పనికి మీ ముందు నాలుగు దారులున్నాయి.

టోకెన్లను కదపకుండా, కార్డుతో డబ్బు కట్టి చేయించుకోవచ్చు. ముందు బ్యాంకు యాప్‌లో ఆ కార్డుకు అంతర్జాతీయ వాడకం ఆన్ చేయాలి. బ్యాంకు మార్పిడి రుసుము కొంత పడుతుంది. బిల్లు చేతికొస్తుంది, పని ఖర్చుగా లెక్కలో రాసుకోవచ్చు. బిల్డర్ ఇచ్చే డబ్బులోంచే ఇది తీరుతుంది. కానీ 22 వేల టోకెన్లు అలాగే ఉంటాయి, వాటితోపాటు రోజుకు పదిసార్లు రేటు చూసుకునే అలవాటూ ఉంటుంది.

రెండోది, ఆ టోకెన్లనే ఈ పనికి వాడేయడం. అప్పుడు 68 వేలు పోయాయని ఒప్పుకున్నట్టే. మీ చేయి ఆగుతున్నది అక్కడేనని నాకనిపిస్తోంది. మీరు పట్టుచీరల ఇంటి కోడలు కాబట్టి మీకు తెలిసిన భాషలో చెబుతాను. పోయిన పెళ్ళిళ్ళ సీజన్‌లో తెచ్చిన రంగు అమ్ముడుపోలేదు. మీ మామగారు ఏం చేస్తారు? కొన్న ధర వచ్చేదాకా మడతపెట్టి దాచుతారా? ఆషాఢంలో తగ్గించి అమ్మేసి, వచ్చిన డబ్బుతో నడిచే రంగు తెస్తారు. చీర మడతల్లో పాడవుతుందని, గల్లాలో డబ్బు లేకపోతే నేతగాడికి ఇవ్వలేమని ఆయనకు తెలుసు. టోకెన్ మడతల్లో పాడవదు, నిజమే. కానీ దానికోసం మీరు తెచ్చిన 90 వేలకు నెలకు 900 వడ్డీ పోతోంది. ఈ ఏడాదిన్నరలో అదే 16,200 అయింది. పెరుగుతుందని ఇంకో ఏడాది ఆగితే మరో 10,800. ఆగడం కూడా ఊరికే రాదమ్మా.

మూడోది, టోకెన్లు అమ్మేసి, ఆ 22 వేలు గొలుసు అప్పులో కట్టడం. వడ్డీ ఆ మేరకు తగ్గుతుంది. లెక్క చూస్తే రెండోదీ మూడోదీ ఒకటే. టోకెన్లతో పని చేయించుకుంటే బిల్డర్ డబ్బు గొలుసుకు మిగులుతుంది, అమ్మేస్తే ఆ డబ్బు గొలుసుకు పోతుంది, పనికి బిల్డర్ డబ్బు ఖర్చవుతుంది. తేడా చిన్న ఖర్చుల్లో వస్తుంది. ఎక్స్చేంజిలో అమ్మేటప్పుడు రుసుములు, ఒక శాతం టీడీఎస్ పడతాయి.

పన్ను గురించి ఒక మాట. 2022 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఇలాంటి టోకెన్ల మీద లాభం వస్తే 30 శాతం పన్ను, దాని మీద సెస్. నష్టం వస్తే ఆ నష్టాన్ని వేరే ఏ ఆదాయంలోనూ తగ్గించుకోవడానికి వీల్లేదు. మీ 68 వేల నష్టాన్ని బిల్డర్ ఇచ్చిన లక్షా పది వేలలో చూపించలేరు. రెండరింగ్‌కు అయిన ఖర్చు వేరు, టోకెన్ పడిపోవడం వల్ల పోయింది వేరు. టోకెన్‌తో చెల్లించడం కూడా అమ్మకం లాంటిదే కాబట్టి, ఏ రోజు ఎంతకు కొన్నారో, ఏ రోజు ఎంత వాడారో రాసి పెట్టుకుని ఒక సీఏకు చూపించండి. కొన్నది మరిది పేరున అయితే ఆ లెక్క అతని రిటర్నులోకి వస్తుంది. ఈ సంగతి అతనికీ చెప్పాలి.

నాలుగోది, నెట్‌వర్క్ లేకుండానే గట్టెక్కడం. శాంపుల్స్ తగ్గించి, బొమ్మలో మిగిలే చుక్కల్ని తుడిచే డీనాయిజర్ పెడితే తొమ్మిది నిమిషాలు ఐదుకు దిగవచ్చు. ఏ దారి ఎంచుకున్నా ఇది మాత్రం చేయండి. ఫ్రేముకు తగ్గిన ప్రతి నిమిషం 3000తో గుణించుకుంటుంది. షీప్‌ఇట్ అని బ్లెండర్ వాళ్ళకు ఉచిత పంపకం ఉంది. అక్కడ టోకెన్లు లేవు, ఇతరుల ఫ్రేములు చేసిపెడితే పాయింట్లు వస్తాయి, ఆ పాయింట్లతో మనవి చేయించుకోవచ్చు. అయితే అది ఆక్టేన్‌కు పనికిరాదు. మీ మెటీరియల్స్ అన్నీ బ్లెండర్ సొంత రెండరర్ సైకిల్స్‌కు మార్చాలి. సంక్రాంతి ముందు అంత పని పెట్టుకోవడం నాకు నచ్చలేదు. తీరికగా ఉన్నప్పుడు నేర్చుకోండి, పనికొస్తుంది.

ఏది ఎంచుకున్నా, 3000 ఫ్రేములు ఒక్కసారిగా పంపకండి. గేటు దగ్గర రెండు, మెట్ల దగ్గర రెండు, గాజు కిటికీలున్న హాల్లో మూడు, డాబా మీద మూడు, ఇలా పది ఫ్రేములు ఏరి పంపండి. ఎంత ఖర్చయిందో చూసి 300తో గుణిస్తే మీ ధర తెలుస్తుంది. ఎవరి మాటా నమ్మనక్కర్లేదు, నా మాటతో సహా. టెక్స్చర్ ఏదైనా ఫైలులో చేరకపోతే ఆ పదింటిలోనే గోడ తేడాగా కనిపించి బయటపడుతుంది. దించుకోవడం కూడా లెక్కలో పెట్టుకోండి. ఫ్రేము 10 ఎంబీ అనుకున్నా మొత్తం 30 జీబీ. ఇంకొకటి, బిల్డర్ ప్లాను ఊరూ పేరూ తెలియని కంప్యూటర్ల మీదికి వెళ్తుంది కాబట్టి, అతనికి ముందే చెప్పి సరేననిపించుకోండి.

మరిది అంటున్న మూడు లక్షల కార్డుల సంగతికి వస్తే, నేను ఇక్కడ మొహమాటపడను. కొట్టు డబ్బుతో వద్దు. అతను ఊహిస్తున్నట్టు కార్డు పెట్టగానే పని రాదు. దరఖాస్తు పెట్టుకుని ఆమోదం కోసం వరసలో నిలబడాలి. చేరాక కూడా పని ఎప్పుడుంటే అప్పుడే. జీతం టోకెన్లలో వస్తుంది, దాని రేటు మీ ఇంట్లో అందరికన్నా మీకే బాగా తెలుసు. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం పద్ధతి మారి, కార్డులతో ఆ నాణేలు సంపాదించే మైనింగ్ ఆగిపోయినప్పుడు ప్రపంచమంతటా లెక్కలేనన్ని కార్డులు ఖాళీ అయ్యాయి. ఖరీదు ఎప్పుడో రాబట్టుకున్న ఆ కార్డులతో, ఇవాళ అప్పుచేసి కొన్న కార్డు పోటీ పడాలి. ఒక 4090 కార్డు నిండుగా పనిచేస్తే ఒక్కటే 450 వాట్లు లాగుతుంది. ఆ పక్కన ఏసీ. మా అమ్మమ్మది ఇచ్ఛాపురం. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఎన్ని రోజులు చీకట్లో గడిపామో నాకు గుర్తుంది. మన తీరంలో అక్టోబర్, నవంబర్ నెలలు ఎలా ఉంటాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. మధ్యలో ఆగిపోయే యంత్రానికి మంచి పని ఎవరూ అప్పగించరు.

కానీ ఆ కుర్రవాడి ఉత్సాహాన్ని ఒక్క మాటతో తుంచేయకండి. 23 ఏళ్ళ వాడు కొట్లో కూర్చుని కొత్తగా ఏదో చేయాలని చూస్తున్నాడు. ఉన్న 3060తోనే దరఖాస్తు పెట్టమనండి. మీ పని లేని రాత్రులు నడపమనండి. మూడు నెలలు ఎన్ని గంటలు పని వచ్చింది, ఎన్ని యూనిట్లు కాలాయి, చేతికి ఎంత వచ్చింది, కొట్టు లెక్కల్లాగే రాయమనండి. ఆ కాగితం తెచ్చి వాళ్ళ అన్నయ్య ముందు పెట్టగలిగితే, అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఇక మీవారికి చెప్పడం. మీకు నిద్ర పట్టనివ్వనిది టోకెన్ కాదు, ఇదేనని నాకు అర్థమైంది. చెప్పకుండా గట్టెక్కే దారి ఉందా అంటే, ఉంది. బిల్డర్ డబ్బు పూర్తిగా సంక్రాంతికి వస్తే, దానితో గొలుసు విడిపించి మాఘానికి మెడలో వేసుకోవచ్చు. అప్పు 90 వేలు, వచ్చేది లక్షా పది వేలు. సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ బిల్డర్లు చెప్పిన రోజుకు పూర్తిగా ఇస్తారా? మీకు ఇంతకుముందే పది వేలు కోసిన అనుభవం ఉంది. ఒక్క వారం అటూ ఇటూ అయినా, ఓణీల రోజు పొద్దున ఆడపడుచు ముందు అత్తగారు "గొలుసేదమ్మా" అని అడుగుతారు. ఆ మాట మీవారు అందరి మధ్యా మొదటిసారి వినడం కన్నా, ఈ వారంలో మీ ఇద్దరే ఉన్నప్పుడు వినడం మేలు. ఒకవేళ డబ్బు సమయానికి వచ్చినా, మరిదికి తెలిసి మీవారికి తెలియని సంగతి ఒకటి ఆ ఇంట్లో ఉండిపోతుంది. అన్నదమ్ముల మధ్య అలాంటిది ఎప్పుడో ఒకరోజు మాటల్లో జారుతుంది.

చెబితే ఏమవుతుంది? కోపం వస్తుంది, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. డబ్బు పోయినందుకన్నా తనను అడగనందుకు ఎక్కువ నొచ్చుకుంటారు. దానికి సమర్థించుకోకండి. "అడిగి ఉండాల్సింది" అనండి. తప్పు మరిది మీద నెట్టకండి, గొలుసు మీది, సంతకం మీది. కాగితం మీద అప్పు ఎంత, వడ్డీ ఎంత, టోకెన్లు ఎంత, బిల్డర్ దగ్గర రావాల్సింది ఎంత, నాలుగు వరసలు రాసుకుని కూర్చోండి. ఊహలో లక్షలుగా కనిపించేది కాగితం మీద తన అసలు కొలతకు వస్తుంది. గొలుసు ఎక్కడికీ పోలేదన్న మాట కూడా చెప్పండి. అప్పు తీర్చగానే అది చేతికొస్తుంది. పైగా ఈ ఏడాదిన్నరలో బంగారం తులం లక్ష దాటింది. అప్పుకన్నా వస్తువు విలువ చాలా ఎక్కువ. అవసరమైతే కొట్లోంచి రెండు నెలలకు చేబదులు తీసుకుని మాఘానికి విడిపించడం మీవారి చేతిలో పని. ఆ దారి తెరుచుకోవాలంటే ఆయనకు తెలియాలి కదా.

అత్తగారి సంగతి మీరిద్దరూ కలిసి నిర్ణయించుకోండి. నాకు ఆమె తెలియదు. మీ ఉత్తరంలో ఆమె గురించి నాకు తెలిసిందల్లా, ఆ యంత్రం వేడెక్కిందని ఫ్యాన్ తెచ్చి పెట్టారని. అది చదివాక మీరు భయపడుతున్నంతగా ఆమెకు భయపడాలని నాకనిపించలేదు.

పది ఫ్రేములకు ఎంత పడిందో నాకు రాయండి. బిల్డర్‌తో కుదుర్చుకున్న ధరలో రెండరింగ్ ఖర్చును వచ్చే పని నుంచి విడిగా ఎలా అడగాలో, ఆ అంకె చూసి చెబుతాను.